పాలనాధికారమునకు మూలమెయ్యది?

శాంతిపర్వమున భీష్మపితామహుడు ధర్మజునకు రాజధర్మముల నుపదేశించుచు మనువు రాజైన వృత్తాంతమును వినిపించును. రాజు లేని కాలమున, పెద్దచేప చిన్నచేపను మ్రింగినట్లు బలవంతులు దుర్బలులను పీడించుచుండగా, జనులు బ్రహ్మతో మొరపెట్టుకొనిరి. ఆయన మనువును జూపెను. మనువు పాపభీతిచే వలదనెను. అంతట జనులే ఆయనకు ధైర్యము చెప్పి, పశువులలోను బంగారములోను ఏబదియవ పాలు, ధాన్యములో పదియవ పాలు ఇత్తుమనియు, ఆయన రక్షణమున తామాచరించు ధర్మములో నాల్గవ పాలు ఆయనకు చెందుననియు పలికి యొప్పించిరి. ఈ కథలో సింహాసనము ఖడ్గముచే లభింపలేదు, జన్మచే సంక్రమింపలేదు. పన్ను ఇంతయని నిర్ణయించినవారు దాని నిచ్చువారే. ప్రజల ధర్మమున పాలుగల రాజునకు, రక్షింపనిచో వారి పాపములోను నాల్గవ పాలు తప్పదని ఆ పర్వమే వేరొకచోట హెచ్చరించుచున్నది.

ఒక ప్రభుత్వము ధర్మబద్ధమని పౌరులెప్పుడు తలంతురు? చట్టము ననుసరించిన చాలునని కొందరును, ప్రజలకు మేలుచేసిన చాలునని కొందరును చెప్పుదురు. ఈ రెండును చాలవని మన చీరాల పేరాల ప్రజలు ఋజువు చేసిరి.

చెన్నపురి ప్రభుత్వము ఆ జంటగ్రామములను మునిసిపాలిటీగా మార్చినప్పుడు చట్టమును దానికి ఆధారముగా నుండెను, పట్టణమునకు కలుగు సౌకర్యముల మాటయు నుండెను. లేనిది ఊరివారి సమ్మతి యొక్కటియే. సుమారు నాలుగువేల రూపాయలుగా నున్న పన్ను నలువదివేలకు పెరుగగా, చాలవరకు నేతపనిపై బ్రతుకు ఆ జనులు తమకు మునిసిపాలిటీ వలదని మొరపెట్టుకొనిరి, పన్ను కట్టమనిరి, కొందరు చెరసాలకేగిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు అచటికి వచ్చి, ఊరు విడిచిపోవుటయు ఒక మార్గమని తెలుపగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనము, వృద్ధులతో పసిబిడ్డలతో గడపదాటి, పొలిమేర వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, ఎండకును వానకును ఓర్చి సుమారు పదునొకండు నెలలు నివసించిరి. గోపాలకృష్ణయ్యగారు కారాగృహమునకు పంపబడిరి.

ఊరు శూన్యమైన పిదప ఆ మునిసిపాలిటీకి మిగిలినదేమి? చట్టము చెక్కుచెదరలేదు, అధికారులుండిరి, పోలీసులుండిరి, ఏలబడువారు మాత్రము లేరైరి. వేయిండ్లపై ముద్రలు వేయగల ప్రభుత్వము ఒక్క హృదయమునుండి ఔనను మాటను బలిమిచే రాబట్టజాలదని, సామాన్యులైన నేతగాండ్రు ఒక సామ్రాజ్యమునకు బోధించిరి.

ప్రతివాడును తనకు నచ్చని శాసనమును త్రోసిపుచ్చినచో రాజ్యమేమగునని శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. ఐనను, తనకు గిట్టని దేదియు చెల్లదను అహంకారము వేరు. తన్నడుగక విధించినదానిని, కష్టమును తానే భరించుచు, కాదనుట వేరు. ఎన్నికలో ఓడినవాడు గెలిచినవారి శాసనమునకు తలయొగ్గుచున్నాడన్నచో, తన మాటయు లెక్కకు వచ్చినదనియు, రేపు మరల వచ్చుననియు అతనికి గల నమ్మకమే దానికి హేతువు. ఆ నమ్మకము నశించిన నాడు అతని విధేయత భయముగా మారును. భయముపై నిలిచిన ఏలుబడి, భయము తీరిన క్షణముననే కూలును. మనువుతో పూర్వులు చేసికొన్న ఒప్పందము తరతరమునను, ప్రతి శాసనమునందును మరల చేసికొనవలసినదగుట యిందువలననే.

1950 జనవరి 26 నుండి అమలునందున్న మన రాజ్యాంగము ప్రజల పేరనే ఆరంభమగుచున్నది. కావున ఓటు వేయుటతో పౌరుని బాధ్యత ముగియదు. ఓటు పొందుటతో పాలకుని హక్కు స్థిరపడదు. ప్రజలనడిగి, వారి మాట విని, వారికి సమాధానము చెప్పుకొను ప్రభుత్వమునకు విధేయులగుట ధర్మము. అడుగుట మానిన ప్రభుత్వము ఎంత శాసనబద్ధమైనను, ఎంత ఉపకారకమైనను, ఆ విధేయతను కోరుటకు దానికి హక్కు లేదు.