వెనుక కూర్చున్నవాని ప్రాణము

"నా ప్రాణము నా ఇష్టము" అను మాటను ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు తరచుగా వినుచుందురు. తొమ్మిదవ తరగతి దాటని బాలుడు తండ్రి మోటారు సైకిలు నెక్కి, తలకు హెల్మెట్టు లేకుండ, పాఠశాల వాకిలిముందు దూసికొని పోవును. ఆపి మందలించినచో ఈ సమాధానము వచ్చును. ఇది పొగరుబోతు మాట యని కొట్టివేయుట సులభమే. కాని అందులో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. తన దేహముపై తనకుగల అధికారము ఎంత? బావి త్రవ్వువాడు, తాడిచెట్టు నెక్కువాడు, సముద్రముపై వేటకు పోవు బెస్తవాడు, వీరందరును నిత్యము ప్రాణమును పణముగా ఒడ్డుచునే యున్నారు గదా! వారిని మనము తప్పుపట్టము. పైగా గౌరవింతుము. అట్లయినచో బండి నడుపు యువకుని మాత్రము తప్పుపట్టుట ఏల?

నాకు తోచిన భేదమిది. తాడిచెట్టుపైనుండి జారినవాడు తానొక్కడే పడును. మోటారు సైకిలుపై మాత్రము ఇద్దరికి చోటు కలదు. వెనుక కూర్చున్నవాని చేతిలో హ్యాండిలు లేదు, కాలిక్రింద బ్రేకు లేదు. ముందు కూర్చున్నవాని బుద్ధియే అతనికి ఆయువు. కావున "నా ప్రాణము" అనునప్పుడు ఆ యువకుడు లెక్కలో ఒకరిని విడిచిపెట్టుచున్నాడు. రోడ్డుమీది పాదచారులను, ఎదురుగా వచ్చు సైకిలువానిని కూడ కలుపుకొన్నచో ఆ లెక్క ఇంకను తప్పును.

ఈ విషయమును లోతుగా ఆలోచించుటకు అమెరికా దేశమున జరిగిన ఒక సంఘటనము మిక్కిలి ఉపకరించును. 1990వ సంవత్సరము మే 22వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర గంటల వేళ, కాలిఫోర్నియా రాష్ట్రములోని శాక్రమెంటో కౌంటీలో ఇద్దరు పోలీసులు ఎక్కడో జరిగిన కొట్లాటను విడిపించి తిరిగి వెళ్లబోవుచుండిరి. అంతలో ఒక మోటారు సైకిలు అతివేగముగా వచ్చినది. నడుపువానికి పదునెనిమిదేండ్లు, వెనుక కూర్చున్నవానికి పదునారేండ్లు. ఆ కొట్లాటతో వారికేమియు సంబంధము లేదు. పోలీసులు ఆగుమనిరి. ఆ యువకుడు రెండు పోలీసుకార్ల నడుమ సందు చూచుకొని తప్పించుకొనెను. ఒక అధికారి వెంటబడెను.

ఆ వెంబడింపు సాగినది 75 సెకండ్లు మాత్రమే. దూరము 1.3 మైళ్లు. ఇండ్ల నడుమనున్న వీధులలో వేగము గంటకు 100 మైళ్లు, అనగా 160 కిలోమీటర్ల వరకు పోయినది. ఎదురువచ్చిన రెండు కార్లును ఒక సైకిలును ప్రక్కకు తొలగవలసివచ్చినది. ఒక మలుపున ఎడమవైపునకు తిప్పబోగా మోటారు సైకిలు ఒరిగిపడెను. నడిపినవాడు ప్రక్కకు తప్పుకొనెను. వెనుక కూర్చున్న బాలుడు తప్పుకొనలేకపోయెను. అధికారి బ్రేకు వేసినను కారు ఆగక, గంటకు 40 మైళ్ల వేగముతో ఆ బాలుని ఢీకొనెను. అతడు సుమారు 70 అడుగుల దూరమున పడి అక్కడనే మరణించెను.

ఈ కథలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు అంకెలు. పోలీసుకారు మోటారు సైకిలునకు 100 అడుగుల దగ్గరగా పోవుచుండెను. ఆ వేగమున ఆ కారు ఆగుటకు కావలసినది 650 అడుగులు. అనగా ముందువాడు పడినచో వెనుకవాడు ఆగలేడను సంగతి వెంబడించిన క్షణముననే నిశ్చయమైపోయినది. మలుపువద్ద ఎవ్వరును ఏ నిర్ణయమును చేయలేదు. నిర్ణయమంతయు అంతకుముందే అయిపోయినది.

బాలుని తలిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. 1998లో అమెరికా సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. పట్టుకొనవలెనను పనికి సంబంధములేని కీడు చేయు ఉద్దేశము ఆ అధికారికి లేదు గనుక, ఆలోచించుటకు వ్యవధిలేని స్థితిలో అతడు చేసినది రాజ్యాంగమును ఉల్లంఘించుట కాదని ఆ తీర్పు సారాంశము. న్యాయశాస్త్రరీత్యా అందులో అర్థమున్నది. క్షణములో చేసిన పనిని తీరికగా కూర్చుండి తూచుట సులభము గదా! అయినను చట్టము తప్పు కాదనినంతమాత్రమున ఆ పని ధర్మమగునా? ఉద్దేశము మంచిదే. పర్యవసానము మాత్రము, ఏ తప్పునకు పట్టుకొనవలెనని పోయిరో ఆ తప్పుచేసినవాడు బ్రతికెను, చేయనివాడు చచ్చెను.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదము కలదు, దానిని దాచుట న్యాయము కాదు. 2001లో జార్జియా రాష్ట్రమున గంటకు 55 మైళ్లకు మించరాని చోట 73 మైళ్ల వేగముతో కారు నడిపిన పందొమ్మిదేండ్ల యువకుడు పోలీసులకు ఆగక పారిపోయెను. అధికారి తన కారుతో వెనుకనుండి నెట్టగా ఆ కారు బోల్తాపడి యువకునికి కాలుచేతులు పడిపోయినవి. 2007లో ఈ వ్యవహారమున కూడ సుప్రీంకోర్టు అధికారి పక్షమునే నిలిచినది. ఎంత ప్రమాదకరముగా నడిపిన అంత సులభముగా తప్పించుకొనవచ్చునను నియమమును తాము స్థాపింపజాలమని న్యాయమూర్తులు భావించిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పోలీసులు వెంబడింపరని తెలిసినచో ప్రతి దొంగయు వేగమునే శరణుజొచ్చును.

అందుచేత వెంబడించుట ఎప్పుడును అధర్మమే యని నేననను. మనుష్యుని పొడిచి పారిపోవువానిని విడిచినచో వాడింకొకని పొడువవచ్చును. అచ్చట ఒక ప్రాణమును కాపాడుటకు ఇంకొక ప్రమాదమును అంగీకరించుచున్నాము. హెల్మెట్టు లేదని, లైసెన్సు చూపలేదని పారిపోవువాని విషయమున త్రాసు ఇంకొకవైపునకు మొగ్గును. వానిని విడిచినచో ప్రభుత్వమునకు పోవునది జరిమానా. వెంబడించినచో పోగలిగినది ప్రాణము.

మన దేశమున ఈ భేదమును మరచిన ఘట్టములు లేకపోలేదు. 2018 మార్చి నెలలో తిరుచిరాపల్లి సమీపమున, హెల్మెట్టు తనిఖీవద్ద ఆగలేదని ఒక దంపతుల బండిని పోలీసు ఇన్‌స్పెక్టరు వెంబడించి కాలితో తన్నగా, వెనుక కూర్చున్న భార్య క్రిందపడి మరణించెను. వేలమంది ప్రజలు రహదారిపై బైఠాయించిరి. ఆ అధికారిని అరెస్టు చేసిరి. 2025 మే నెలలో కర్ణాటకమందలి మండ్యలో, కుక్క కరచిన పసిబిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుచున్న తలిదండ్రుల బండిని తనిఖీకై ఆపబోగా, బిడ్డ జారిపడి వెనుక వచ్చు వాహనము క్రింద నలిగిపోయెను. ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండయిరి. తలను కాపాడుటకై పుట్టిన చట్టము ఈ రెండుచోట్లను ప్రాణమును తీయుటకు కారణమైనది. తనిఖీ చేయువాడు తన విధిని కాయకముగా భావించినచో, ఆ చట్టము ఎవరికొరకు పుట్టినదో మొదట తలంచును. ఆగని బండికి వెనుక నంబరు పలక యున్నది. హైదరాబాదు మొదలగు నగరములలో పోలీసులు ఫొటో తీసి చలానా పంపుట ఏండ్ల తరబడి జరుగుచున్నదే. ఆ ఫొటో ఏ మలుపునను ఒరిగిపడదు.

ఇంతమాత్రముచేత పారిపోవువాడు నిర్దోషి కాడు. వాడు పారిపోవుటకు కారణములు సాధారణముగా చిన్నవి: లైసెన్సు లేదు, ముగ్గురు ఎక్కియున్నారు, బండి నాయనది, ఇంట తెలిసినచో దెబ్బలు పడును. ఇందులో పెద్దల పాలు ఎక్కువ. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు శిక్షయు 25,000 రూపాయల జరిమానాయు కలవు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. ఈ సంగతి తెలియక కొందరు తండ్రులు, తెలిసియు కొందరు, ఇంటరులో చేరిన కుమారునికి బండి కొనియిత్తురు. కొనకున్న కళాశాలకు పోడట! ఆ తాళపుచెవిని చేతిలో పెట్టుచు "నెమ్మదిగా పోరా" అని చెప్పుటతో తమ బాధ్యత తీరినదని వారు తలంతురు.

ప్రమాదములన్నియు వెంబడింపులవల్లనే జరుగుచున్నవని ఎవ్వరును అనుకొనరాదు. అట్టివి అరుదు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వపు నివేదిక తెలుపుచున్నది. అందులో ద్విచక్రవాహనములపై పోవువారు 74,897. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029. ఈ చివరి సంఖ్యలో వెనుక కూర్చున్నవారే 14,337 మంది. నాలుగేండ్లు దాటిన ప్రతివారును, వెనుకవారితో సహా, హెల్మెట్టు ధరింపవలెనని చట్టమున్నను, మన ఊళ్లలో హెల్మెట్టు నడుపువాని సొత్తుగనే యున్నది. భార్యకు, తల్లికి రెండవ హెల్మెట్టు కొన్న ఇండ్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

సాధారణమైన ప్రమాదము ఎట్లు జరుగునో తెలిసికొనుటకు లాస్ ఏంజెలిస్ నగరప్రాంతమున సుమారు 900 ప్రమాదములను అక్కడికక్కడే పరిశీలించి 1981లో ప్రకటించిన హర్ట్ నివేదికను చూడవలెను. ఇతర వాహనములతో ఢీకొన్న ప్రమాదములలో మూడింట రెండువంతులు ఎదుటివాడు దారి ఇయ్యకపోవుటచేత కలిగినవి. చాలమారులు ఎదుటివాడు మోటారు సైకిలును చూడనే లేదు. వేగము సగటున గంటకు 30 మైళ్లకు లోపే. ప్రమాదమును తప్పించుకొనుటకు నడుపువానికి దొరకిన వ్యవధి రెండు సెకండ్లకంటె తక్కువ.

ఇందు గ్రహింపవలసినది, తప్పు తనది కాకపోవుట ప్రాణమును కాపాడదని. కూడలిలో "దారి నాది" అని పోవువానికి న్యాయము దక్కవచ్చును, కాలు దక్కదు. కావున ఎదుటివాడు తనను చూడలేదనియే భావించి బండి నడుపవలెను. పగలు కూడ దీపము వెలిగించుట, బస్సునకు ఎడమప్రక్క సందున దూరకుండుట, లారీ వెనుక డ్రైవరు అద్దమున కనబడునంత ఎడముగా నుండుట, ముందు వెనుక బ్రేకులు రెండింటిని కలిపి వేయుటను తీరిక సమయమున అభ్యసించుట, ఇవన్నియు ఈ ఒక్క భావమునుండి పుట్టినవే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకండునకు సుమారు 55 అడుగులు పోవును. చేయి బ్రేకును అందుకొనులోపలనే అంత దూరము గడచిపోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు కావలసిన దూరము నాలుగురెట్లగును.

మనవారికి ప్రత్యేకముగా ఒక మాట చెప్పవలసియున్నది. మహాశివరాత్రికి యువకులు బండ్లపై నల్లమల కనుమదారిన శ్రీశైలము పోవుచుందురు. పోవునప్పుడు ఉత్సాహమున్నది, జాగ్రత్తయు కొంత యున్నది. భయము కలుగునది తిరుగుప్రయాణమున. రాత్రియంతయు జాగరణము చేసి, ఉపవాసపు నీరసముతో, తెల్లవారగనే బండి నెక్కుదురు. నిద్రలేని కన్నునకు మలుపులతో పనిలేదు. జాగరణము చేసినవాడు సత్రమున మధ్యాహ్నము వరకు నిద్రించి బయలుదేరినచో వ్రతభంగమేమియు కాదు. మఠములవారు ఆ పూట ప్రసాదముతోపాటు పడుకొనుటకు చాపయు చూపి, తాళపుచెవులను తమవద్ద ఉంచుకొన్నచో బాగుండును.

వెనుక కూర్చున్నవారును మూటవలె కూర్చుండవలసిన పని లేదు. చీరకొంగును, చేతిలోని బిడ్డను పట్టుకొని, ప్రక్కకు తిరిగి కూర్చున్న స్త్రీ "మెల్లగా పొండి" అనును. గాలికి ఆ మాట ముందువానికి వినబడదు, వినబడినను నవ్వును. అట్టిచో భుజముపై తట్టి, "బండి ఆపుడు, నేను దిగి బస్సులో వచ్చెదను" అని ఆమె చెప్పవచ్చును. పోలీసు చేయెత్తినచోట ఆగక పోజూచిన మిత్రునితో వెనుకనున్న బాలుడు కూడ ఆ మాటనే చెప్పవచ్చును.