మాత్ర మానవచ్చునా?



హుబ్బళ్ళిలోని ఒక పెద్దమ్మగారు, భర్త ప్రభువునందు నిద్రించిన తరువాత, నాలుగేండ్లు ఎస్సిటలోప్రామ్ మాత్ర వేసుకొనిరి. ఆ మాత్ర ఆమెకు మేలే చేసినది. దానితోనే ఆమె మరల పొయ్యి వెలిగించిరి, స్త్రీల సమాజమునకు వచ్చిరి. అయితే నిరుడు అడుగు తడబడుట మొదలై, ఒకనాడు స్నానాల గదిలో పడిపోయిరి. రక్త పరీక్షలో సోడియం 126 వచ్చినది, 135కు తగ్గకూడదు. ఈ జాతి మాత్రలు వృద్ధులలో, ముఖ్యముగా బి.పి.కి నీరు తీసే మాత్ర కూడ వాడువారిలో, సోడియంను ఇట్లు తగ్గించగలవని డాక్టరుగారు చెప్పిరి. ఆమె మానవలెనని తీర్మానించుకొనిరి.

ఇది విని మనవారిలో కొందరు విశ్వాసము జయించినదనిరి. మరి కొందరు, నిలబెట్టిన మందును విడుచుట తగదనిరి. కుమారుడు మాత్రము, తల్లి మరల గోడవైపు తిరిగి పడుకొనునేమోయని భయపడెను. ఆ ముగ్గురిలో ఆమె ముఖము చూచి మాటలాడినది అతడొక్కడే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యౌవనస్థుడు ఇట్టి మాత్రను ఒక్క రాత్రిలో మాని సాక్ష్యము చెప్పగా, మేము సంఘమంతటితో హల్లెలూయ పలికించితిమి. వారము తిరుగకముందే అతనికి తల తిరుగుట, నిద్ర పట్టకపోవుట, తలలో కరెంటు షాకు కొట్టినట్లు అదురుట పట్టుకొనినవి. హఠాత్తుగా ఆపినందున అట్టి బాధలు వచ్చునని అతనికిని తెలియదు, మాకును తెలియదు. తన విశ్వాసమే చాలలేదనుకొని అతడు ఆరాధనకు రాక మానెను. అంతేకాదు, ఆ ఆదివారము అవే బల్లలమీద, సంచిలో అదే మాత్ర దాచుకొని కూర్చుండినవారు ఎందరుండిరో! వారి చెవులకు మా హల్లెలూయ ఎట్లు వినబడెనో ఇప్పుడు తలంచుకొనుచున్నాము. చెట్టు క్రింద చావు కోరుకొనిన ఏలీయాకు మొదట అందినది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. ఆ భాగముమీద మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి కూడ.

మరి మానుట తప్పా? దేహమును నిలుపుకొనుటకు పుచ్చుకొనిన మందు ఆ దేహమునే పడవేయుచుండగా, మోయుచున్న మనిషి దానిని తూచి చూచుకొనుటలో మాకు తప్పు కనబడలేదు. అయితే ఆమె మాతో ఇంకొక మాట చెప్పిరి: "సోడియం ఒక సాకు కూడానండి. ఆ డబ్బా చుట్టాల కంట పడుతుందేమోనని నాకెప్పుడూ సిగ్గే." ఈ మాట కన్నడ డాక్టరుగారికి చేరలేదు, మధ్యలో కుమారుడు అనువదించుచు దానిని విడిచిపెట్టెను. సిగ్గు కలిసినంత మాత్రమున నిర్ణయము చెడిపోదు గాని, దానిని దాచినయెడల డాక్టరుగారు సగమే విని మందు వ్రాయుదురు. రెండవసారి ఆమెయే వచ్చిన కన్నడములో చెప్పిరి. (2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్, 14416లో తెలుగునను మాటలాడవచ్చును, పరాయి భాషలో దుఃఖము చెప్పుకొనుట మనవారికి ఎంత కష్టమో మనకు తెలియును.)

డాక్టరుగారు నీరు తీసే మాత్రను మార్చి, దీనిని 10 మి.గ్రా. నుండి 5కు, పిమ్మట ఇంకను, కొన్ని వారములమీద తగ్గించి, మధ్యమధ్య రక్తము చూచిరి. తల్లియు కుమారుడును ఒక ఒప్పందము చేసికొనిరి: వరుసగా పది రాత్రులు నిద్ర లేకున్నను, రెండు పూటలు అన్నము వద్దన్నను, వాదము లేక మరల డాక్టరు వద్దకు. ఆ కాగితము బియ్యపు డబ్బా మూతకు అంటించియుండగా మొన్న మేము చూచితిమి. చుట్టాలు వచ్చినను ఆమె దానిని తీసివేయలేదట.