ధనం గురించి రెండు ప్రశ్నలు

2010 జనవరిలో నాటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ ఇంగ్లండు నుంచి న్యూయార్కు వెళ్లి, వాల్‌స్ట్రీట్ మొదట్లో ఉన్న ట్రినిటీ చర్చి సదస్సులో ఆర్థిక వ్యవస్థకు నీతి అవసరమని ప్రసంగించారు. 2008 ఆర్థిక పతనం గాయాలు అప్పటికింకా మానలేదు. అయితే 1705లో రాణి ఆన్ ఇచ్చిన భూములతో ఆ చర్చి కూడా సంపన్న సంస్థే. మరి సంపన్నుల ఇంట నీతిబోధ చెల్లుతుందా? చెల్లుతుంది. కాని చెప్పేవారూ, పిలిచినవారూ ముందు తమ లెక్క చూసుకోవాలి.

ఇది మనకూ వర్తిస్తుంది. ధనాన్ని ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చుపెట్టావు అని తీర్పుదినాన ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. జకాత్ చెల్లించి రెండో ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుంటాం. సంపాదనలో వడ్డీ, తూకంలో మోసం, కూలివాని బకాయి కలిసి ఉంటే మొదటి ప్రశ్నకు ఏం చెబుతాం? దానధర్మాలు అక్రమార్జనను ధర్మసమ్మతం చేయలేవు. ఇతరుల తప్పు ఎంచేముందు మన గల్లాపెట్టె తెరిచి చూసుకుందాం.