అభద్రత: ఒక మాట, రెండు స్థితులు

ఈ కాలమున పత్రికలయందును, ప్రసంగములయందును తఱచుగా వినవచ్చు మాట 'అభద్రత'. రక్షణ లేనివానికిని ఈ మాటయే. రక్షణ యుండియు తనపై తనకు నమ్మకము లేనివానికిని ఈ మాటయే. ఈ రెండు స్థితులును ఒకటియేనా? కాకున్నచో, ఒక్క పేరున పిలుచుటవలన కలుగు హాని యేమి? ఇది పదవిచారము మాత్రమే కాదు, ధర్మవిచారము కూడ.

సంస్కృతమున భద్రమనగా శుభము. అమరకోశము దీనిని కల్యాణ, మంగళ శబ్దముల సరసన చేర్చినది. తెలుగున ఈ పదము రక్షణార్థమునకు జరిగినది. 'భద్రముగా దాచుము' అందుము. ఆంగ్లేయుల 'సెక్యూరిటీ'కి మూలమైన లాటిను పదమునకు 'చింత లేని' అని యర్థము. అది మన 'నిశ్చింత' వంటిదే. కావున అచ్చటను మనస్సు, రక్షణ అను రెండును ఒక్క మాటలో కలిసిపోయినవి.

మన పాలమూరు పల్లెలలో ఈ భేదము చెడలేదు. ప్రయాణమగు కొడుకుతో తల్లి 'పైలంగ పో బిడ్డా' అనును. అది వెలుపలి అపాయమును గూర్చిన హెచ్చరిక. ఇంట కూర్చుండి క్రుంగువానితో 'రంది పడకు' అనును. అది లోపలి దిగులునకు ఓదార్పు. ఆమె ఒకదానికి బదులు వేఱొకటి పలుకదు.

శ్రీశైలము ఆనకట్టవలన కృష్ణా తుంగభద్రల సంగమమందలి కూడవెల్లి మునుగునని, అచ్చటి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తెచ్చి మరల నిర్మించిరి. దేవుని గుడి యిట్లు నిలిచినది. 1980వ దశకపు ఆరంభమున జలాశయము నిండగా, కొల్లాపురము, అలంపురము ప్రాంతముల తీరగ్రామములవారు ఇల్లు, పొలము నీటికి విడిచి కదలిరి. అట్టి గృహస్థు 'నాకు భద్రత లేదు' అనిన అది మనోదౌర్బల్యము కాదు, ఉన్న మాట. వానికి కావలసినది భూమి, గూడు, పని. అవి యీయక వైరాగ్యము బోధించుట ధర్మము కాదు. 2009 అక్టోబరున తుంగభద్ర పొంగి అలంపురమును ముంచినప్పుడును అంతే; ముందు అన్నము, పిదప ఉపదేశము.

ఇక గాదెలు నిండియుండియు, ఆప్తులు చుట్టునున్నను, పొరుగువాని వృద్ధికి ఉలికిపడువాడు కలడు. వానికి ఎన్ని తాళములు వేసినను నిద్ర పట్టదు. భగవద్గీత పదునాఱవ అధ్యాయమున దైవీసంపదను లెక్కించుచు మొట్టమొదట నిలిపినది అభయము. ధనమును కాదు, బలమును కాదు. అభయమనగా అపాయము లేకుండుట కాదు, అపాయమందును చిత్తము చెదరకుండుట. దానికి సాధన యేమి? తనవలన పరులకు భయము కలుగనీయకుండుట, భయపడినవారికి అండగా నిలుచుట. వరదలో పొరుగువారిని తన యింట చేర్చుకొన్నవానికి తన రందిని తలచుటకు తీఱిక యుండదు.

ఒక్క విషయము మఱువరాదు. పైలము చెడినచోటనే పలుమాఱు రంది పుట్టును. ఊరు పోయినవానికి క్రొత్త యిల్లు కట్టినను, వాన పడినప్పుడెల్ల గుండె యదరుచుండును. అట్టివానికి గోడయు కావలెను, గుండెకు ఊఱటయు కావలెను.

కావున ఎవ్వరైన 'అభద్రత' అనినప్పుడు, లేనిది రక్షణయా, ధైర్యమా, రెండునా యని విచారించి పిమ్మట సాయపడుట ఆస్తికుల విధి. జోగులాంబ మనకు ఆ వివేకము నొసగుగాక!