ట్రాంబోన్‌కు జీర్ణోద్ధరణ

పాత ఇత్తడి వాయిద్యాలకు పట్టే జబ్బును అమెరికాలో బాగుచేసేవాళ్లు ‘రెడ్ రాట్’ అంటారు. ఇత్తడి అంటే రాగి, జింకు. దశాబ్దాలపాటు ఊపిరి తేమ తగిలి గొట్టం లోపలి నుంచి జింకు కొంచెం కొంచెంగా పోతుంది. మిగిలిన రాగి గులాబీరంగు మచ్చగా పైకి తేలుతుంది. ఒకసారి తేలాక పాలిష్ పెట్టి లాభం లేదు, ఆ ముక్క తీసి కొత్తది అతకాల్సిందే.

క్లీవ్‌లాండ్‌లో హెచ్.ఎన్. వైట్ కంపెనీ చేసిన ఒక పాత కింగ్ 2బి ట్రాంబోన్‌కు ఈ గతి పట్టిందనుకుందాం. జాజ్ వాళ్లు ముచ్చటపడే రకం. స్లైడ్ గొట్టాలు మార్చారు, గంట (చివర విచ్చుకునే మూతి) సొట్టలు తీశారు, పైపూత కొత్తగా వేశారు. ఇప్పుడది ఆ ట్రాంబోనేనా?

సేకరించేవాడిది ఒక లెక్క. పూతకు ముందు సానపెడితే గంట మీద చెక్కిన పూలు అరిగిపోతాయి. అందుకే మచ్చలున్నా పాత పూతే ఆయనకు ముద్దు. వాయించేవాడికి పూతతో పనిలేదు. స్లైడ్‌ను నిలువుగా పట్టి వదిలితే బయటి గొట్టం తన బరువుకి తానే జారాలి. ఎక్కడైనా గీసుకుందా, ఎంత పురాతనమైనా ఆయనకు అక్కర్లేదు.

రథమంటే చక్రమా, ఇరుసా, నొగా అని మిళింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగింది దాదాపు ఇదే. ఏ ఒక్కటీ కాదు, అన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరు రథం అన్నది బౌద్ధుల జవాబు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఒప్పుకోరు. అవయవాలకు వేరుగా అవయవి, అంటే మొత్తం వస్తువు, ఉందంటారు; పైగా వాళ్లు మహా కచ్చితం. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి, ‘ఖండపటం’ అనే మరో బట్ట పుట్టిందంటారు. మృదంగానికి మూతలు మార్పించి, కరణి వేయించి తెచ్చుకున్న విద్వాంసుడి ముందు ఈ మాట అనే ధైర్యం ఎవరికుంది?

ఇక్కడ తర్కం కన్నా ఆగమమే తెలివైనదనిపిస్తుంది. గుడికి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు కళాకర్షణ జరిపి దైవశక్తిని బాలాలయమనే తాత్కాలిక గుడికి తరలిస్తారు. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులకు దర్శనం బాలాలయంలోనే. ఈలోగా గోపురాలు, ప్రాకారాలు కొత్తవి లేచాయి. తలుపులు తెరిచాక వెళ్లినవాళ్లు వేరే దేవుడి దగ్గరికి వచ్చామనుకోలేదు. కట్టడం ఒకటి, అందులో కొలువుండేది మరొకటి అన్న ఎరుక ఆ తంతులోనే ఉంది.

మరి విప్పేసిన ట్రాంబోన్‌కు బాలాలయం ఏది? వాయించేవాడి కుడిచెయ్యి. స్లైడ్‌కు ఏడు స్థానాలున్నాయి గానీ గొట్టం మీద ఒక్క గీతా ఉండదు. వీణకున్నట్టు మెట్లు లేవు. ఆరో స్థానం ఎక్కడో చేతికీ చెవికీ తెలియాలి, అంతే. న్యూ ఆర్లీన్స్‌లో బండి మీద ఊరేగుతూ వాయించే రోజుల్లో స్లైడ్ ఎవరికీ తగలకుండా ట్రాంబోన్ వాడిని వెనక చివర కూర్చోబెట్టేవారు. ఆ బాణీకి ‘టెయిల్‌గేట్’ అన్న పేరే స్థిరపడింది. కిడ్ ఓరీ దానికి పెద్దదిక్కు. ఆయన జారుడు స్వరాలను ఏ ఇత్తడి ముక్కలో వెతుకుతాం?

అలాగని లోహానికి విలువ లేదనీ కాదు. 1953లో ఒక పార్టీలో డిజీ గిలెస్పీ ట్రంపెట్ మీద ఎవరో పడి, గంట పైకి వంగిపోయింది. వాయించి చూస్తే ఆ నాదమే ఆయనకు నచ్చింది. ఆ తర్వాత గంట పైకి ఉండేలాగే చేయించుకున్నాడు. అలాంటి వంపును తిన్నగా కొట్టి బాగుచేశామంటే అది మరమ్మతు కాదు, చెరుపు.

బాగుచేసిన పాత ట్రాంబోన్ కొనేవారికి ఒక్క మనవి. ఏయే ముక్కలు మార్చారో కాగితం మీద రాసివ్వమనండి. తీసేసిన పాత గొట్టాలను కూడా పారేయకుండా పెట్టెలో పెట్టి ఇమ్మనండి.