కిరాయి ఆటో

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజలో ఒకాయనకు తాతల నాటి ఇల్లు ఉండేది. నడుమ వాకిలి, చుట్టూ నాలుగు పోర్షన్లు. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం బాగా నడిచినన్నాళ్లు ఆయన ఆ ఇంటి మంచిచెడ్డలు చూసింది లేదు. ఐదో తారీఖున కిరాయి వసూలు చేసుకునేవాడు, అంతే. మగ్గం పని చేసుకుని బతికే ఒకామె, "అన్నా, బోర్డు కాడ నిప్పురవ్వలు లేస్తున్నయి, జర తీగలు మార్పియ్యుండ్రి" అని మూడు నెలలు అడిగింది. "ఇష్టముంటే ఉండుండ్రి, లేకుంటే ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు.

తర్వాత దుకాణం దెబ్బతిన్నది. అప్పుల కింద అది పోయాక, లైసెన్సు తీసుకుని రోజు కిరాయికి ఆటో పట్టాడు. బేరాలు దొరికినా దొరక్కపోయినా సాయంత్రానికి ఆటో సొంతదారు సేట్ చేతిలో కిరాయి పెట్టాల్సిందే. బోనాల ఊరేగింపు నాడైనా, బీబీ కా ఆలం నాడైనా, దారులు మూసేసిన ఏ రోజైనా అదే లెక్క.

ఆ ఆటోకు బ్రేకులు సరిగా పట్టవు. చెప్తే సేట్, "నడుపుతవా, తాళంచెవి పెట్టి పోతవా?" అన్నాడు. ఒకనాడు వానలో నయాపూల్ దిగుతుంటే బ్రేకు పడలేదు. ఎదురుగా బడిపిల్లలు. బండిని డివైడర్‌కు గుద్ది ఆపాడు. పిల్లలకు ఏమీ కాలేదు, ముందు చక్రం మాత్రం వంగింది. ఆ ఖర్చు కూడా సేట్ ఇతని మీదే వేశాడు.

వేరే సేట్ దగ్గరికి పోయాడు. ఈయన తాళంచెవి ఇచ్చేముందు తానే బ్రేకు తొక్కి చూసేవాడు. బండి షెడ్డులో ఉన్న రోజు కిరాయి అడిగేవాడు కాదు. ఎందుకని అడిగితే, "నడిచే బండికే గదా కిరాయి" అన్నాడు.

ఆ రాత్రే మన ఇంటాయన మగ్గం పనామె తలుపు తట్టాడు. "ఐదో తారీఖుకు ఇస్త అన్నా" అని ఆమె కంగారు పడింది.

"కిరాయికి రాలేదక్కా. ఆ బోర్డు చూపియ్యి."

దుకాణం ఉన్నప్పుడు చేతిలో పైకం ఆడినా మార్చని తీగలను, ఆటో తోలే రోజుల్లో వచ్చిన కిరాయి వచ్చినట్టే పెట్టి, ఒక్కో పోర్షన్‌కు మార్పించాడు. గుమ్మం దారిలో అడ్డంగా పడేసిన దుకాణం బీరువాలు అమ్మేశాడు.

నీతి: కిరాయి తీసుకునేవాడు, ఆ కప్పు కింద పడుకునేవాళ్ల ప్రాణాలకు పూచీ.

ఇది కథే. కానీ 2025 మే 18న పాతబస్తీలోనే గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. బయటపడే దారి ఇరుకు. పాతబస్తీలో అలాంటి దారులు, అలాంటి పాత తీగలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. 1960 నాటి అద్దె చట్టం కట్టిన కిరాయికి రసీదు ఇమ్మంటుంది, తగిన కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపొద్దంటుంది. ఇంటి యజమాని మనసు కదలడానికి చట్టం దాకా పోవాలా? పాతబస్తీలోని మదీనా బిల్డింగ్ అద్దెలు ఒకప్పుడు అరేబియాలోని మదీనా నగరంలో పేదలకు వెళ్లేవి. అంత దానం అందరి వల్లా కాదు. తీగలు మార్చడం, మెట్ల దారి ఖాళీగా ఉంచడం మాత్రం అవుతుంది. కిరాయికి ఇచ్చిన ఇల్లు మీకుంటే, వచ్చే ఎండాకాలం లోపల ఒక్కసారి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి చూడండి.