గోడ దాకా ఆగగలరా?

ప్యాడెల్ కోర్టులో తొలిసారి అడుగుపెట్టినవాళ్లు అరగంట తిరక్కుండానే ఆటలో పడిపోతారు. బంతిని ఒకసారి నేల మీద పడేసి, నడుము ఎత్తు దాటకుండా సర్వీసు చేయాలి కాబట్టి టెన్నిస్‌లోలాగా సర్వీసు దగ్గరే సగం ఆట ఆగిపోదు. రాకెట్ పొట్టిది, తీగలు ఉండవు, గట్టి పలకకు చిల్లులు పెట్టినట్టుంటుంది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. చేయి దాటిపోయిన బంతిని కూడా వెనక అద్దం గోడ మళ్లీ తెచ్చి ముందు పెడుతుంది. మొదటి రోజే చెమట పడుతుంది, నవ్వులు వినిపిస్తాయి, వచ్చే ఆదివారానికి కోర్టు బుక్ అయిపోతుంది.

చిక్కంతా ఈ సులువులోనే ఉంది.

వయొలిన్ పట్టుకున్నవాడికి మొదటి రోజే అపశ్రుతి వినిపిస్తుంది. సాధన లేనిదే ఇది లొంగదని వాయిద్యమే చెప్పేస్తుంది. ప్యాడెల్ ఆ మాట చెప్పదు. వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆడనిస్తుంది. అందుకే ఏడాదిపాటు వారం వారం మ్యాచ్‌లు ఆడి, ఏడాది తర్వాత కూడా అవే తప్పులు అంతే ధీమాగా చేసేవాళ్లు ఈ ఆటలో కొల్లలు. వాళ్లు బద్ధకస్తులేం కారు. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి, రాత్రి పది గంటలకు కూడా ఆడతారు. ఆడటంలో లోటు లేదు, నేర్చుకోవడమే జరగడం లేదు.

అసలు ఈ ఆట పుట్టిందే సరదా కోసం. మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికె కోర్కుయెరా అనే సంపన్నుడు 1969లో తన ఇంటి ఆవరణలో చుట్టూ గోడలు కట్టించి ఆడించిన ఆట ఇది. ఆయన స్నేహితుడు అల్ఫోన్సో హోహెన్‌లోహె 1974లో దాన్ని స్పెయిన్‌లోని మార్బెయాకు తెచ్చాడు. అక్కడి నుంచి అర్జెంటీనాకు పాకింది. విందుకొచ్చిన అతిథుల కాలక్షేపాన్ని పట్టుదలగా నేర్చుకోవాల్సిన పనితనంగా మార్చింది ఆ రెండు దేశాల ఆటగాళ్లే.

ఆ పనితనం ఎక్కడుందో తెలియాలంటే గోడ ఏం చేస్తుందో చూడాలి. టెన్నిస్‌లో గట్టిగా కొట్టిన బంతి అవతలివాణ్ని దాటితే పాయింటు మీదే. ప్యాడెల్‌లో దాటిన బంతి అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది. ఎంత బలంగా కొడితే అంత ముందుకు వస్తుంది. అంటే కోర్టు మధ్యలో నిలబడి ఒళ్లంతా కూడదీసుకుని కొట్టిన స్మాష్, నేల మీద పడి, అద్దానికి తగిలి, ప్రత్యర్థి ముందు తీరిగ్గా తేలుతుంది. బలం ప్రత్యర్థికి కానుకగా మారే ఆటలు బహుశా ఎక్కువ లేవు. వెనక వైపు గోడ, దాని మీది జాలీ కలిపి 4 మీటర్ల ఎత్తు. ఆ కంచె దాటించగల దెబ్బ ఉన్న ప్రొఫెషనల్ సంగతి వేరు. మిగతావాళ్లు తలపైకి వచ్చిన బంతికి నేర్చుకోవాల్సిన దెబ్బ పేరు బందేహా. బంతిని కోసినట్టు తగిలించి, లోతుగా మూలకు పంపి, చల్లగా మళ్లీ నెట్ దగ్గరికి చేరుకోవడం దాని పని. పాయింటు గెలవడానికి కొట్టేది కాదది; నెట్ దగ్గర చోటు పోగొట్టుకోకుండా ఉండటానికి కొట్టేది. చూసేవాళ్లు ఈల వేయరు. కొట్టినవాడికీ పెద్ద తృప్తి ఉండదు. అయినా అదే సరైన దెబ్బ.

ఇక్కడ క్రమశిక్షణ అనే మాటకు మనం అలవాటుగా ఇచ్చే అర్థం సరిపోదు. అలారం పెట్టుకుని లేవడం, తిండి తగ్గించడం మనకు తెలుసు. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచాక, మూడు నెలలుగా ఆమె దగ్గర ఫోను లేదని కోచ్ పుల్లెల గోపీచంద్ చెప్పినప్పుడు తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులంతా పిల్లల వైపు చూసే ఉంటారు. ఆ త్యాగం గొప్పదే, కానీ అది కోర్టు బయటి సంగతి. ప్యాడెల్ అడిగేది ఆట లోపలి నిగ్రహం. బంతి నెత్తిమీదికి వచ్చింది, చేయి లేచింది, నలుగురూ చూస్తున్నారు. ఆ అరక్షణంలో చేయిని అదుపు చేయాలి.

హైదరాబాద్‌లోనూ ఇప్పుడు ప్యాడెల్ కోర్టులు వచ్చాయి. షటిల్ ఆడి పెరిగిన ఊరిది. షటిల్‌లో కాక్ నేలను తాకితే పాయింటు పోయినట్టే. అందుకే ఆ చేతికి దేన్నీ వదలని అలవాటు. కళ్ల చురుకు, మణికట్టు ఒడుపు ప్యాడెల్‌లోనూ అక్కరకొస్తాయి. కానీ మెడ వరకు లేచి వెనక గోడ వైపు దూసుకెళ్లే బంతిని ఆ చేయి గాల్లోనే అందుకోబోతుంది, తడబడుతుంది, బంతి నెట్‌లో పడుతుంది. వదిలేసి ఉంటే అద్దానికి తగిలి, వేగం సగం చచ్చి, నడుము ఎత్తున తిరిగి వచ్చేది.

వదలడం కూడా వట్టి వదలడం కాదు. కోచ్‌లు దీన్ని నేర్పేటప్పుడు రాకెట్‌తో కూడా కొట్టరు. బుట్టలోంచి బంతి తీసి చేత్తో విసురుతారు. నేర్చుకునేవాడు బంతి పడకముందే పక్కకు తిరగాలి. రాకెట్ ముందే కిందికి, వెనక్కి వెళ్లి ఉండాలి. బంతి తనను దాటుతుంటే దాంతోపాటు రెండడుగులు వెనక్కి వేయాలి, అయితే గోడకు మరీ అంటుకుపోకూడదు. అంటుకుంటే తిరిగొచ్చే బంతి డొక్కలోకి దూరి చేయి ఆడదు. మోకాళ్లు వంచి, బంతి అద్దాన్ని తాకి తనను మళ్లీ దాటి ముందుకొచ్చేదాకా ఆగి, అప్పుడు పైకి లాబ్ ఎత్తాలి. చదవడానికి ఇంత ఉన్నది రెండు సెకన్లలో అయిపోవాలి. బుట్ట ఖాళీ అవుతుంది, బంతులన్నీ ఏరుకొస్తారు, మళ్లీ మొదలు. స్కోరు లేదు, నవ్వులు లేవు, వాట్సాప్‌లో పెట్టుకోవడానికి వీడియో అసలే లేదు.

ఈ విసుగు సాధనలో లోపమేమీ కాదు. బెర్లిన్ సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థులపై ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. మేటి విద్యార్థులు ఒంటరి సాధనకు ఎక్కువ గంటలు ఇచ్చారన్నది అందరికీ గుర్తుంది. ఆ గంటలే తర్వాత పదివేల గంటల సూత్రంగా ఊరంతా తిరిగాయి. అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. ఒంటరి సాధన అన్నిటికన్నా ముఖ్యమని ఆ విద్యార్థులే చెప్పారు, శ్రమ ఎక్కువనీ చెప్పారు. సరదాగా ఉంటుందని మాత్రం అనలేదు. సరదా కోసం కట్టిన ఆటలో మెరుగుపడాలన్నా సరదా లేని గంటలు కొన్ని కేటాయించక తప్పదు.

అర్జెంటీనాలో పెహువాహో అనే చిన్న ఊళ్లో 1979లో పుట్టిన ఫెర్నాండో బెలాస్తెగిన్ ఈ ఆటలో వరుసగా 16 ఏళ్లు ప్రపంచ నంబర్ 1గా ఉన్నాడు. అందులో 13 ఏళ్లు పక్కన ఉన్నది ఒకే మనిషి, ఎడమచేతి వాటం హువాన్ మార్టిన్ దియాస్. మెరుపులన్నీ దియాస్‌వి. తప్పు చేయని ఆట బెలాది. మామూలు బంతిని వందసార్లు మామూలుగానే తిరిగి పంపి, ప్రత్యర్థి ఓపిక నశించేదాకా ఆగడంలో అతన్ని మించినవాడు లేడు. నలభై దాటాక కుర్రాళ్లతో జోడీ కట్టాడు: 2020లో అగుస్తిన్ తాపియా, 2022లో అర్తురో కోయెయో. ఆ ఇద్దరూ తర్వాత ఒకటై 2023లో వరుసగా 47 మ్యాచ్‌లు గెలిచారు. ఇద్దరికీ కంచె దాటించే స్మాష్ ఉంది. అయినా ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇద్దరూ ఆ పెద్దాయన పక్కనే ఆడటం కాకతాళీయం అనుకోవడం కష్టం. బెలా 2024 చివర్లో, 45 ఏళ్ల వయసులో ఆట మానేశాడు.

జోడీ ఆట కావడంతో ఈ నిగ్రహానికి సాక్షి కూడా ఎప్పుడూ పక్కనే ఉంటాడు. ‘నాది’, ‘నీది’, ‘వదిలెయ్’ అనే మూడు మాటలు సమయానికి అరవగలిగితే సగం పాయింట్లు మిగులుతాయి. ఒకరు పక్కకు జరిగితే రెండోవాళ్లూ జరగాలి, లేకపోతే మధ్యలో దారి తెరుచుకుంటుంది. పదే పదే స్మాష్‌కు ఎగబడేవాడి తప్పుకు ఆ తర్వాతి బంతి వెంట పరిగెత్తాల్సింది స్నేహితుడే. టెన్నిస్ సింగిల్స్‌లో తొందరపాటు సొంత ఖర్చు. ఇక్కడ పక్కవాడి జేబులోంచి పోతుంది.

పోతే, కొనుగోళ్ల గురించి ఒక మాట. పెద్ద ఆటగాళ్లు వాడే వజ్రం ఆకారపు రాకెట్లకు బరువు తల వైపు ఉంటుంది, బంతి సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నది. గుండ్రని రాకెట్ కొత్తవాళ్ల తప్పులను కాస్త ఓర్చుకుంటుంది, మోచేతికీ కొంత నయం. ఖరీదైన రాకెట్ కొని మోచేతి నొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గర తేలడం కన్నా, ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు గంటలు తీసుకోవడం మేలు.

కోచ్ దొరకకపోయినా దారి ఉంది. నలుగురూ కలిసి గంట బుక్ చేసుకున్నప్పుడు మొదటి పావుగంట స్కోరు పక్కన పెట్టండి. ఒకరు చేత్తో బంతి విసరండి, ఇంకొకరు గోడ దాకా ఆగి లాబ్ ఎత్తండి, మిగతా ఇద్దరు ఏరండి, తర్వాత వంతు మార్చుకోండి. ఇందుకు వాడిన బంతులే చాలు, కొత్త డబ్బా తెరవక్కర్లేదు. మరీ గాలి పోయినవి మాత్రం పక్కన పడేయండి, అవి అద్దానికి తగిలి అక్కడే కూలబడతాయి.